ది లవ్లీ బోన్స్‌లో సూసీ క్యారెక్టర్ గురించి ఎలా రాయాలి

ఆలిస్ సెబోల్డ్ 2002లో రాసిన ఈ నవల మీద క్యారెక్టర్ స్కెచ్ రాయమంటే చాలామంది సూసీ అమాయకురాలు, మంచి పిల్ల, పాపం చిన్న వయసులోనే చంపేశారు అని రాసి ఆపేస్తారు. అది మనకి కలిగిన జాలి. హత్య ఆ పిల్లకి జరిగింది, అది తన గుణం కాదు కదా, మరి గుణం ఏంటో వెతకాలి.

ముందు నోట్‌బుక్‌లో పేజీని రెండుగా విడగొట్టండి. ఒక పక్క బతికున్న సూసీ, ఇంకో పక్క చనిపోయాక స్వర్గం నుంచి ఇంటివాళ్ళని చూస్తూ ఈ కథ చెప్పే సూసీ. 1973 డిసెంబర్ 6న చనిపోయేసరికి తనకి 14 ఏళ్ళు, ఊరు పెన్సిల్వేనియాలో నారిస్‌టౌన్. మొదటి చాప్టర్ చాలా కష్టంగా ఉంటుంది, రేప్ గురించి ఉంది, ముందే తెలుసుకుని చదవండి.

మొదటి పక్క రాయడానికి చాలానే దొరుకుతాయి. అడవి జంతువుల ఫోటోగ్రాఫర్ అవ్వాలని తన కోరిక, పుట్టినరోజుకి కెమెరా ఇచ్చారు, పొద్దున్నే ఇంట్లో ఎవరూ లేవకముందు అమ్మ అబిగైల్ ఒంటరిగా ఉన్నప్పుడు ఒక ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలో ఉన్నది ముగ్గురు పిల్లల తల్లి కాదు, తల్లి అవ్వకముందు ఉన్న మనిషి. నా దృష్టిలో సూసీకి ఉన్న అసలు గుణం ఇదే, చూడటం, మిగతావాళ్ళు పట్టించుకోనిది చూడటం. తర్వాత అబిగైల్ ఇల్లు వదిలి కాలిఫోర్నియా వెళ్ళిపోతే పిల్లలు కోపం పెట్టుకుంటారు గానీ సూసీ తల్లి ఒంటరితనం కూడా చెప్తుంది, ఎందుకంటే ఆ మనిషిని తను ఎప్పుడో కెమెరాలో చూసేసింది. ఈ రెండు సీన్లు కలిపి రాస్తే మీ ఆన్సర్ సగం అయిపోయినట్టే.

రెండో పక్కకి వస్తే చెల్లెలు లిండ్సీని వదలకండి. చెల్లి అక్క వయసు దాటి పెరుగుతుంది, శామ్యూల్‌ని ప్రేమిస్తుంది, సూసీ అవన్నీ చూస్తూ సంతోషపడుతుంది, అదే టైమ్‌లో అవి తనకి ఎప్పటికీ రావని బాధపడుతుంది. అసూయ అని ఒక్క మాటలో రాయొద్దు, తపన అంటే దగ్గరగా ఉంటుంది. నాన్న జాక్ గుర్తొస్తే కూడా ఇంతే, ఆయన సీసాల్లో పేర్చిన ఓడల్ని పగలగొట్టినప్పుడు ఆ గాజు ముక్కలన్నిట్లో సూసీ తన మొహం కనిపించేలా చేస్తుంది, ఎలా చేసిందో తనకే తెలీదు. ఇంటివాళ్ళని వదల్లేని పిల్ల అని చెప్పడానికి దీనికంటే మంచి సాక్ష్యం లేదు.

మార్పు గురించి తప్పకుండా అడుగుతారు. చంపినవాడు చుట్టుపక్కలే ఉండే హార్వే అని సూసీ మొదట్లోనే చెప్పేస్తుంది, కాబట్టి సస్పెన్స్ అక్కడ లేదు, తను అతన్ని ఎప్పుడు వదిలేస్తుందా అన్నదే చూడాలి. చివర్లో తన స్కూల్లో చదివిన రూత్ శరీరంలోకి వచ్చి కొద్దిసేపు భూమ్మీద ఉండే ఛాన్స్ దొరుకుతుంది, హార్వే కారు ఆ దగ్గర్లోకే వచ్చింది, అయినా ఆ టైమ్‌ని అతన్ని పట్టించడానికి వాడదు, తను ఇష్టపడ్డ రే సింగ్‌తో గడుపుతుంది. ఆ సీన్ నచ్చనివాళ్ళు చాలామందే ఉన్నారు, నాకు మాత్రం 14 ఏళ్ళ పిల్ల కోరుకునేది అదే అనిపిస్తుంది, పగ కాదు, బతుకు.

ఇంకొకటి, 2009లో పీటర్ జాక్సన్ తీసిన సినిమా చూసి రాయకండి ప్లీజ్, అందులో రేతో సీన్ ముద్దు దగ్గరే ఆగిపోతుంది, నవల్లో అబిగైల్‌కి ఆ కేసు చూసే డిటెక్టివ్‌తో ఉన్న సంబంధం సినిమాలో అసలు లేదు. సినిమా సీన్ రాస్తే చదివే టీచర్‌కి వెంటనే తెలిసిపోతుంది. ప్రతి గుణం కింద ఒక సీన్, దాని పేజీ నంబర్ పెట్టుకోండి, సీన్ దొరకని గుణం ఉంటే కొట్టేయండి.