కొండ మీది అద్దాల ఇల్లు: వానలకు ముందు వెనక గోడ చూసుకోండి

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ కూర్గులో, వయనాడులో, నీలగిరుల్లో వీకెండ్ ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే తీరు: లోయ వైపు నేల నుంచి కప్పు దాకా అద్దం, గాల్లోకి చొచ్చుకొచ్చిన డెక్, అంచు కనిపించని ఈతకొలను, పైన చదును స్లాబు. ఖర్చంతా ముందు వైపు. వానాకాలంలో ముప్పు మాత్రం వెనక నుంచి వస్తుంది. మే నెలలో వెళ్లినప్పుడు ఒక పూటంతా ఆ వెనక వైపుకే కేటాయించండి.

ఈ తరహా ఇంటికి చదును నేల కావాలి. అందుకని కొండను జేసీబీతో నిలువుగా కోసి, ఆ మట్టినే ముందుకు తోసి నేల చదును చేస్తారు. ఇల్లు సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడుతుంది. వెనక పది పదిహేను అడుగుల కోత మిగులుతుంది. ఎండాకాలంలో రాయిలా కనిపించే ఆ మట్టి, వారం రోజులు వదలకుండా కురిసిన వానకు నీళ్లు తాగి బరువెక్కి పట్టు కోల్పోతుంది. 2018 ఆగస్టులో కూర్గులోని మడికేరి చుట్టుపక్కల కొండచరియలు విరిగిపడ్డాక పరిశీలనకు వెళ్లిన జియలాజికల్ సర్వే నిపుణులు, వాలును ఇష్టమొచ్చినట్టు కోయడాన్ని కూడా ఒక కారణంగా చూపించారు.

కోతకు ఆనించి, మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ వాల్‌లో వరసగా పైపు ముక్కలు కనిపించాలి. గోడ వెనక చేరిన నీరు బయటికి పోయే దారులవి. గోడను పడదోసేది చాలాసార్లు ఒక్క మట్టే కాదు, దాని వెనక నిలిచిన నీళ్లు కూడా. అందం కోసం ఆ రంధ్రాల మీద ప్లాస్టరింగ్ చేసి రంగు వేయించిన ఇళ్లు ఉన్నాయి. అలాంటిదైతే వానలకు ముందే మేస్త్రీని పిలిచి తెరిపించండి. ఉన్న రంధ్రాల్లోకి ఇనుప చువ్వ పెట్టి, మట్టి, వేళ్లు, కందిరీగల గూళ్లు తీసేయండి. మొదటి పెద్ద వానకు అక్కడే నిలబడి చూడండి. పైపుల్లోంచి తేటనీరు కారుతుంటే గోడ తన పని తాను చేస్తున్నట్టే. బురదనీరు వస్తుంటే వెనక మట్టి కొట్టుకుపోతోంది. అంత వానలోనూ ఒక్క చుక్క రాకపోతే నీరు లోపలే నిలుస్తోందేమోనని అనుమానించాలి, వెంటనే ఇంజినీరుకు చూపించాలి. గోడ మధ్యలో ఉబ్బినట్టు కనిపించినా అంతే.

ఆ తర్వాత కోత పైకి ఎక్కండి. చాలామంది ఓనర్లు ఎక్కనే ఎక్కరు. పైఅంచుకు కాస్త ఎగువన, కొండ మీది నీటిని పక్కకు మళ్లించే సిమెంటు కాలువ ఉండాలి. అందులో ఆకులు పేరుకున్నా, అడుగు పగిలినా, ఆ నీరు నేరుగా కోతలోకే ఇంకుతుంది. నేల మీద అంచుకు సమాంతరంగా వంకీలాంటి పగులు కనిపిస్తే మాత్రం దాన్ని మట్టితో కప్పి ఊరుకోకండి. రెండు వైపులా మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం కొలిచి తేదీతో రాసిపెట్టండి. ఆ దూరం పెరుగుతోందంటే కొండ కదులుతోంది.

మనం వదిలే నీళ్లు కూడా తక్కువేం కాదు. 150 చదరపు మీటర్ల కప్పు మీద ఒక రోజులో 200 మిల్లీమీటర్ల వాన పడితే 30,000 లీటర్లు. అంత నీటినీ ఒకే పైపుతో డెక్ కిందికి వదిలేస్తే పోసిన మట్టి నిలుస్తుందా? పైపులన్నీ కలిపి, రాళ్లు పరిచిన కాలువలో, ఇంటికి దూరంగా ఉన్న సహజమైన వాగు దాకా తీసుకెళ్లాలి. ఇంకుడు గుంత మైదానంలో మంచిదే కానీ, కోత అంచున, ఇంటి ఎగువన ఉంటే ప్రమాదం. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ ఇదే మాట వర్తిస్తుంది. ఈతకొలను విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: పోసిన మట్టి మీద, వాలు అంచున అది ఉండకూడదు. ఎనిమిది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మీటరుంబావు లోతుంటే నీటి బరువే 30 టన్నులు. ఇప్పటికే కట్టేసి ఉంటే, పంపు ఆపి, వానలేని రోజుల్లో మట్టం గుర్తుపెట్టి చూడండి. ఎండకు ఆవిరయ్యేదానికన్నా ఎక్కువ తగ్గుతుంటే వానాకాలానికి ముందే ఖాళీ చేయించండి.

కూర్గు పాత ఇళ్లకు ఏటవాలు పెంకుటి కప్పు, వెడల్పాటి చూరు ఎందుకుండేవో చదును స్లాబు కింద ఒక జూలై గడిపితే తెలుస్తుంది. స్లాబుకు వాటం సరిగ్గా ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి చూడండి. తూము ఒక్కటే ఉంటే ఇంకొకటి పెట్టించండి, జాలీలు వారం వారం శుభ్రం చేయించండి. చూరు లేని అద్దపు గోడకు జల్లు నేరుగా కొడుతుంది కాబట్టి సిలికాన్ సీలు ఊడిన చోట్ల కొత్తది వేయించాలి. డెక్ రెయిలింగ్ అద్దం లామినేటెడ్‌దేనా (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినదేనా) అని అడగండి. టఫెన్డ్ అద్దం ఒక్కటే అయితే పగిలినప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది, అడ్డం ఏమీ మిగలదు. ఇంటి మీదికి వంగిన సిల్వర్ ఓక్ కొమ్మల్ని మేలోనే కొట్టించండి.

చలికి తలుపులన్నీ మూసుకుని లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కాలం కూడా చోటును బట్టి మారుతుంది. కూర్గు, వయనాడులకు జూన్ నుంచి సెప్టెంబరు గడ్డుకాలమైతే, నీలగిరుల తూర్పు వాలులో ఈశాన్య రుతుపవనాల ముప్పు ఉంటుంది. 2009లో అక్కడ కొండచరియలు ప్రాణాలు తీసింది నవంబరులో. అరకు వైపు భయం తుపాన్లది, 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూశాం. అన్నట్టు, అరకు, లంబసింగిల్లో ఇలాంటి ఇల్లు కట్టుకోవాలనుకునే గిరిజనేతరులు 1/70 చట్టాన్ని గుర్తుంచుకోవాలి: ఏజెన్సీ భూమిని మనం కొనకూడదు, ఇంకొకరి పేరు మీద పెట్టడమూ తప్పే.

వాగు ఒడ్డున ఇల్లున్నవాళ్లు పైన కొండ దూరంగా ఉందని ధీమాగా ఉండొద్దు. 2024 జూలై 30 తెల్లవారుజామున వయనాడులో పైన అడవిలో విరిగిన కొండ, నది వెంట కిలోమీటర్ల కొద్దీ దిగివచ్చి ముండక్కై, చూరల్‌మల ఊళ్లను ఊడ్చేసింది. వాగు ఉన్నట్టుండి బురదగా మారినా, వాన పడుతుండగానే నీళ్లు తగ్గిపోయినా, కొండలోంచి గరగర చప్పుడు వినిపించినా, కొత్త చోట ఊట పుట్టినా, తలుపులు బిగుసుకుపోయినా సామాన్లు సర్దుకోకుండా బయటపడాలి. వాగు వెంట కిందికి కాదు, పక్కకు, ఎత్తుకు వెళ్లాలి.

ఇక వాచ్‌మన్ కుటుంబం. చాలా ఇళ్లలో వాళ్ల గది కనబడకుండా వెనక, సరిగ్గా కోత కిందే కడతారు. ఏడాది పొడవునా అక్కడ పడుకునేది వాళ్లే. జూన్ రాకముందే వాళ్లను ముందు గదుల్లోకి మార్చండి, ఆ వెనక గదిని సామాన్లకు వాడుకోండి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిందంటే 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటే వాన పడొచ్చని అర్థం. ఆ రోజు మీకు ఫోన్ చేయకుండానే ఇల్లు వదిలి వెళ్లిపోవచ్చని వాళ్లకు ముందే చెప్పండి, ఎక్కడికి వెళ్లాలో చూపించండి, చేతిలో కొంత డబ్బు ఉంచండి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లయితే ఆ తేదీల బుకింగులు మీరే రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చేయండి.