రాగి పేరుకున్న ద్రాక్షతోటలో కలుపు మందు కొట్టే ముందు

ఏళ్లుగా బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ల మందు) కొట్టిన తోటల్లో రాగి ఎక్కువగా పై 15–20 సెంటీమీటర్ల మట్టిలోనే నిలిచిపోతుంది. కలుపు మందును విరగ్గొట్టే సూక్ష్మజీవులను అది దెబ్బతీస్తుంది. మందు ఎక్కువ రోజులు మిగిలి, పెద్ద వానకు కిందికి దిగే ప్రమాదం పెరుగుతుంది.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు సంగతి ఇంకాస్త చిక్కు. మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దాన్ని పట్టి ఉంచుతాయి. భాస్వరం ఎరువు పడితే ఫాస్ఫేట్ అదే చోటుకు పోటీపడి దాన్ని విడిపిస్తుంది. కాబట్టి సూపర్ ఫాస్ఫేట్, గ్లైఫోసేట్ వెంటవెంటనే ఒకే చోట వేయకండి. రాగితోనూ గ్లైఫోసేట్ జతకడుతుంది. మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్‌ను బట్టి మట్టికి మరింత అతుక్కోవచ్చు, లేదా రాగిని వెంటబెట్టుకుని నీటిలో కదలొచ్చు.

అందుకే 0–20, 20–40 సెంటీమీటర్ల మట్టిని విడివిడిగా తీసి పీహెచ్, సేంద్రియ కర్బనం, డీటీపీఏ పద్ధతిలో (మొక్కకు అందే రాగిని కొలిచే పద్ధతి) రాగి పరీక్ష చేయించండి. రెండూ కలిపేస్తే పైపొర తీవ్రత సగటులో దాగిపోతుంది, పరీక్ష దండగ.

రాగి మందు వాడిన ట్యాంకును బాగా కడగకుండా గ్లైఫోసేట్ పోయకండి. రాగి దాన్ని బంధిస్తే కలుపు సరిగా చావదు, మళ్లీ కొట్టాల్సి వస్తుంది. మొదళ్ల వెంట పట్టీగా మాత్రమే కొట్టి, సాళ్ల మధ్య గడ్డిని కోసి అక్కడే పరవండి.