బస్తీలో పిల్లలకి సాయంత్రం సెంటర్ పెట్టాలంటే ఎట్ల మొదలుపెట్టాలి

మా బస్తీలో కూడా ఒక యూత్ సెంటర్ పెడదామనుకుంటున్నం అన్నా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువైన్రు, ఫోన్‌లో చెప్తుంటే సగం మర్చిపోతున్న, అందుకే కూర్చొని రాస్తున్న. ఇదంతా హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల లెక్క, వేరే ఊర్లో కొంచెం మార్చుకోండి.

ఫస్ట్ అందరూ చేసేది సంస్థకి పేరు, లోగో, ఫ్లెక్సీ, ఓపెనింగ్‌కి ఎవరిని పిలవాలని లొల్లి. అవన్నీ పక్కన పెట్టి ఒక నెల రోజులు సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా బస్తీలో ఊరికే తిరగండి. పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నరు, గుడి అరుగు మీదనా, మూసేసిన షటర్ ముందటనా, నీళ్ళ ట్యాంక్ పక్కనా, ఎన్ని గంటలకి వస్తున్నరు, ఎప్పుడు పోతున్నరు, ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. బడికి పోయేటోళ్ళు 5 కల్లా గల్లీలో ఉంటరు, మెకానిక్ షెడ్‌లోనో, భోలక్‌పూర్ లాంటి చోట అయితే స్క్రాప్ గోడౌన్‌లోనో పని చేసే పోరలు 8 దాటితే గానీ రారు, పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్‌కి పోయేటోళ్ళయితే వారాల తరబడి కనపడరు. 5 నుంచి 7 దాకా పెట్టి మూసేస్తే సెంటర్ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే బయట ఉండిపోతరు, అందుకే టైమింగ్ మీరు ఇంట్లో కూర్చొని పెట్టొద్దు, ఆ నోట్‌బుక్ చూసి పెట్టండి.

తిరిగేటప్పుడే అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్, పొదుపు సంఘం అక్కలు, గుడి కమిటీ, మసీదు కమిటీ పెద్దమనుషులు అందరినీ కలవండి. 1967లోనే హైదరాబాద్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్ట్ మొదలైనప్పుడు బస్తీ వాళ్ళనే ముందు పెట్టి పని చేసిన్రు, కొత్తగా మనం కనిపెట్టేది ఏం లేదు. పార్టీ వాళ్ళకి నమస్తే పెట్టండి, గొడవ వద్దు, కానీ సెంటర్ గోడ మీద ఏ లీడర్ ఫొటో వద్దు, ఒక్క ఫొటో పెడితే బస్తీలో సగం మంది ఇది మనది కాదు అనుకుంటరు, మళ్ళా వాళ్ళని లోపలికి తెచ్చుడు చాలా కష్టం.

జాగా సంగతికొస్తే, కమ్యూనిటీ హాల్ ఉంటే మంచిదే గానీ అందులో ఫంక్షన్లు అయితుంటయి, ఆ రోజు పిల్లలు ఎక్కడికి పోవాలో ముందే చూసుకోండి, పర్మిషన్ నోటి మాటగా కాకుండా రాసి తీసుకోండి. కిరాయికి రూమ్ తీసుకుంటే నేనైతే మూడే చూస్తా. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి, లోపల గడియ సరిగ్గా పడే బాత్రూమ్ ఉండాలి, బయట గల్లీలో వీధి లైట్ వెలగాలి. పెద్ద హాల్ అక్కర్లేదు, ఇరవై మంది చాప మీద కూర్చునేంత ఉంటే చాలు.

ఇంక అన్నిటికంటే పెద్ద విషయం, తలుపు. సాయంత్రం 5:30కి తెరుస్తం అని చెప్పిన్రంటే 5:30కి తెరవాలి, వాన పడినా, వాలంటీర్ రాకపోయినా, ఇద్దరే పిల్లలు వచ్చినా సరే. మేము మొదట్లో ఒక దాత ప్రోగ్రామ్ ఉందని వారం రోజులు సెంటర్ మూసి పిల్లలకి డాన్స్ ప్రాక్టీస్ వేరే చోట పెట్టించినం, తిరిగి తెరిచేసరికి రోజూ వచ్చే పెద్ద పోరలు ఒక్కరు రాలే, గల్లీలో కనపడితే "మీరు కూడా పోతరనుకున్నం అన్నా" అన్నరు, ఆ మాట నాకు ఇప్పటికీ మనసులో తిరుగుతనే ఉంటది. వాళ్ళ దగ్గరికి ఎంతో మంది వచ్చి పెన్నులు పంచి ఫొటోలు దిగి పోయిన్రు, మీరు అట్ల కాదని వాళ్ళకి తెలిసేది ఆ తలుపు వల్లనే. అందుకే తాళం చెవులు ముగ్గురి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఆ బస్తీలోనే ఉండేవాళ్ళు కావాలి.

లోపల ఏం పెట్టాలంటే రెండు క్యారమ్ బోర్డులు, చెస్, ఒక వాలీబాల్, పౌడర్ డబ్బా, టెన్త్ పాత పుస్తకాలు, మంచి లైటు. కంప్యూటర్లు తర్వాత చూసుకోవచ్చు. ఒక మూల మాత్రం సప్పుడు లేకుండా చదువుకోవడానికి వదిలిపెట్టండి, రసూల్‌పుర, అడ్డగుట్ట లాంటి బస్తీల్లో చాలా ఇళ్ళు ఒకటి రెండు రూములే, టీవీ, వంట, చిన్న పిల్లలు అన్నీ అక్కడనే, టెన్త్ పిల్ల పుస్తకం పట్టుకోని కూర్చోవడానికి జాగా ఉండదు. ట్యూషన్ చెప్పకపోయినా ఆ మూల ఒక్కటే చాలా పని చేస్తది.

ఆడపిల్లల గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరం ఇక్కడనే తప్పు చేస్తం. అందరికీ ఓపెన్ అని బోర్డ్ పెడితే నెల రోజుల్లో క్యారమ్ బోర్డు చుట్టూ మగపిల్లలే ఉంటరు, ఆడపిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చూసి పోతరు. వాళ్ళకి వేరే టైమ్ పెట్టండి, వారంలో కనీసం మూడు రోజులు, ఆ టైమ్‌లో ఒక అక్క కచ్చితంగా ఉండాలి. పిల్లలని పిలిచే ముందు వాళ్ళ అమ్మలని పిలిచి రూమ్ చూపించి చాయ్ తాగించండి, ఎవరెవరు ఉంటరు, ఎన్నింటికి వదిలిపెడతరు అన్నీ చెప్పండి. పొద్దు గూకినంక గల్లీ చివరి దాకా అక్క తోడు పోవాలి. వాళ్ళు ఏం ఆడాలో మీరు డిసైడ్ చేయొద్దు, మేము మెహందీ, కుట్టు మిషన్ అని ప్లాన్ వేసుకుంటే వాళ్ళు వాలీబాల్ అడిగిన్రు.

సేఫ్టీ రూల్స్ మొదటి రోజు నుంచే ఉండాలి. వాలంటీర్ ఎవరైనా ఐడీ కాపీ ఇవ్వాలి, ఇద్దరు తెలిసినోళ్ళతో మాట్లాడినంకనే తీసుకోవాలి, ఏ పిల్లతోనైనా, పిల్లగానితోనైనా మూసిన రూమ్‌లో ఒక్కరే ఉండొద్దు, పర్సనల్ చాటింగ్ వద్దు. పిల్లలని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళు అందరూ పిల్లలే, లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం మన ఇష్టం కాదు, చెప్పి తీరాలి, దాచిపెడితే శిక్ష ఉంది, సంస్థ బాధ్యత చూసేవాళ్ళు వాళ్ళ కింద పని చేసేవాళ్ళ సంగతి దాచిపెడితే ఏడాది దాకా జైలు. బస్తీ పరువు పోతదని పెద్దమనుషులు సర్దిచెప్పడానికి వస్తరు, వినొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద పిల్లలకి అందే ఎత్తులో రాయండి. పని చేసే పిల్లల విషయంలో 14 లోపు వాళ్ళని పనిలో పెట్టుకోవడమే నేరం, 14 నుంచి 18 వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టొద్దు, కానీ వెంటనే సేటు మీదికి పోయే ముందు ఆ ఇంట్లో తినడానికి ఉందా లేదా చూసుకోని, చదువు దారి కూడా చేతిలో పెట్టుకోని పోండి.

కాగితాలు ఆరు నెలలు నడిచినంక చూసుకోండి. సొసైటీ అయితే తెలంగాణలో కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, బైలాస్, అంటే సంస్థ నియమాలు, రాసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, తర్వాత పాన్, సంస్థ పేరుతో బ్యాంక్ ఖాతా, ఎన్జీఓలు పేరు నమోదు చేసుకునే సర్కారు దర్పణ్ పోర్టల్, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర 12ఏ, 80జీ అని పిలిచే రిజిస్ట్రేషన్లు, మొదటిది సంస్థకి, రెండోది దాతకి పన్ను మినహాయింపు కోసం. క్యాష్‌లో 2000 దాటితే దాతకి 80జీ మినహాయింపు రాదు, అందుకే బ్యాంక్‌లోనే వేయమనండి. కంపెనీలు సమాజ సేవకి ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారమ్ నింపి నంబర్ తీసుకోవాలి. అమెరికాలో ఉన్న మన దోస్తులు పంపిస్తమంటే ఒక్కటి చూసుకోండి, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నోళ్ళు వాళ్ళ సొంత డబ్బు మామూలుగా బ్యాంక్ ద్వారా పంపితే తీసుకోవచ్చు, అక్కడి సిటిజన్ అయిపోయినోళ్ళ దగ్గర విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు, మన వాడే కదా అనుకుంటే చట్టం ఒప్పుకోదు.

పెద్ద దాత కోసం ఎదురుచూడకుండా కిరాయి, కరెంట్ బిల్లు వరకు నెల నెలా చిన్నగా ఇచ్చే ఇరవై ముప్పై మందిని పట్టుకోండి, లెక్క ప్రతి నెల గోడ మీద అంటించండి, బస్తీ వాళ్ళు చదువుతరు.

ఇంకొకటి, టెన్త్ రిజల్ట్స్ రోజు సెంటర్ పొద్దున నుంచి రాత్రి దాకా తెరిచి పెట్టండి. ఫెయిల్ అయినోళ్ళు ఇంటికి పోవడానికి భయపడి ఎక్కడెక్కడనో తిరుగుతరు. ఎవరు కనపడలేదో లిస్ట్ చూసి వాళ్ళ దోస్తులని పంపి పిలిపించండి, ముందు ఏమన్నా తినిపించండి, మనసు బాగలేనప్పుడు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 దగ్గర పెట్టుకోండి, అవసరమైతే మీరే చేసి ఫోన్ వాళ్ళ చేతికివ్వండి. సాయంత్రం ఒక అన్న తోడు పోయి ఇంట్లో వాళ్ళతో మాట్లాడాలి, సప్లిమెంటరీ ఫీజు కట్టే చివరి తారీఖు, ఎన్ని సబ్జెక్టులు పోయినయి, ఎవరు చదివిస్తరు, అన్నీ ఒక చీటీ మీద రాసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టి రండి, మర్నాడు సాయంత్రం 5:30కి ఆ పిల్లగాడు సెంటర్‌కి వచ్చిండా లేదా చూసుకోండి, రాకపోతే మళ్ళా వాళ్ళింటికి పోండి.