లింక్డ్‌ఇన్‌లో వృత్తిపరంగా పేరు తెచ్చుకోవడం – రెండో పాఠం: పేరు కింద ఏం రాయాలి?

మొదటి పాఠంలో ఫోటో, పేరు, ప్రొఫైల్ లింకు సరిచేసుకున్నాం. ఈ వారం హెడ్‌లైన్ (పేరు కింద కనిపించే వరుస), అబౌట్ (మీ గురించి మీరు రాసుకునే పరిచయం) అనే రెండు భాగాల పని పడదాం. విశాఖలో ఉద్యోగం మారాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఈ రెండింటి గురించే. చేతిలో ఎంత పనితనం ఉన్నా, అది ఇక్కడ కనబడకపోతే వెతికేవారికి మీరు దొరకరు.

హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటు ఉంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. అప్పుడు లింక్డ్‌ఇన్ మీ హోదాను, సంస్థ పేరును తీసుకొని తానే అక్కడ పెట్టేస్తుంది. ఇంకొందరు ‘కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం’ అని రాస్తారు. రిక్రూటర్ వెతుకులాట పెట్టెలో ఈ మాటలు ఎందుకు టైపు చేస్తాడు? అతనికి కావలసింది పని పేరు, యంత్రం పేరు, పద్ధతి పేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు పరవాడ ఫార్మాసిటీలోని ఒక బల్క్ డ్రగ్ (ముడి ఔషధం) కంపెనీలో నాలుగేళ్లుగా క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ)లో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో ఉన్నారనుకోండి. ఇప్పుడు మీ పేరు కింద ఉన్నది ‘ఎగ్జిక్యూటివ్, క్యూసీ’ అని మాత్రమే. దాన్ని ఇలా మార్చండి:

‘క్యూసీ కెమిస్ట్ | హెచ్‌పీఎల్‌సీ, గ్యాస్ క్రొమటోగ్రఫీ | అవశేష ద్రావకాలు, స్టెబిలిటీ నమూనాలు, ఓఓఎస్ దర్యాప్తు | బల్క్ డ్రగ్స్, 4 ఏళ్లు’

హెచ్‌పీఎల్‌సీ, గ్యాస్ క్రొమటోగ్రఫీ అంటే నమూనాలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతులు. ఓఓఎస్ అంటే ఫలితం నిర్ణీత పరిమితి దాటడం. పాఠం కోసం తెలుగులో ఇచ్చాను. ప్రొఫైల్‌లో మాత్రం ఇంగ్లీషులోనే రాయండి, వెతికేవారు ఇంగ్లీషులోనే వెతుకుతారు. ముఖ్యమైన మాటలు ముందుకు తెచ్చుకోండి. ఫోన్‌లో, కామెంట్ల దగ్గర హెడ్‌లైన్ మొదటి ముక్క మాత్రమే కనిపిస్తుంది.

ఇందులో డిసల్యూషన్ లేదని గమనించారా? కావాలనే వదిలేశాను. అది మాత్రలు, క్యాప్సూళ్ల నుంచి మందు ఎంత త్వరగా కరుగుతుందో చూసే పరీక్ష. ముడి ఔషధం మాత్రమే తయారుచేసే చోట సాధారణంగా దాని అవసరం ఉండదు. మాత్రల్లాంటివి తయారుచేసే ఫార్ములేషన్ కంపెనీలో ఉన్న స్నేహితుడి హెడ్‌లైన్ చూసి ఆ మాట తెచ్చి పెట్టుకుంటే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. అక్కడ తడబడితే, నిజంగా వచ్చిన పనిని కూడా ఎదుటివారు అనుమానిస్తారు. మీరు చేయని పని పేరు ఒక్కటి కూడా రాయకండి.

ఇప్పుడు అబౌట్. దీనికి 2,600 అక్షరాల దాకా అవకాశం ఉంది. అంతా నింపనవసరం లేదు. మొదటి రెండు మూడు వరుసలే బయటికి కనిపిస్తాయి, మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. కాబట్టి మొదటి వాక్యంలోనే పని కనిపించాలి. పాత రెజ్యూమేల్లోని ‘సవాళ్లతో కూడిన ఉద్యోగం ఆశిస్తున్నాను’ అన్న వాక్యాన్ని దయచేసి అక్కడే వదిలేయండి. ఇలా మొదలుపెట్టండి:

‘గ్యాస్ క్రొమటోగ్రఫీలో అవశేష ద్రావకాల పరీక్ష నా రోజువారీ పని. ఫలితం పరిమితి దాటితే ముందు సిస్టమ్ సూటబిలిటీ చూస్తాను. ఆ తరువాత నమూనా తయారీ, ఇంజెక్షన్ల క్రమం, ఆడిట్ ట్రెయిల్ పరిశీలిస్తాను. దర్యాప్తు లేకుండా మళ్లీ పరీక్షించి పాస్ చేయించను.’

సిస్టమ్ సూటబిలిటీ అంటే పరీక్ష వ్యవస్థ సరిగా పనిచేస్తోందా అని చూడడం. ఆడిట్ ట్రెయిల్ అంటే ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చూపే రికార్డు. ఇక ఆ ఉదాహరణలోని చివరి వాక్యం చూడండి. ‘నిజాయితీపరుడిని’ అని ఎక్కడా రాయలేదు. కానీ తనిఖీలకు జవాబు చెప్పాల్సిన క్యూసీ మేనేజర్ ఆ వాక్యం దగ్గర తప్పకుండా ఆగుతాడు. పాస్ అయ్యేదాకా పరీక్షిస్తూ పోవడం ఎంత పెద్ద తప్పో అతనికి తెలుసు. వృత్తిలో పేరు ఇలాంటి వాక్యాల వల్లే వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే వెల్డర్‌కూ ఇదే పద్ధతి. ‘అనుభవజ్ఞుడైన వెల్డర్’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. టిగ్ వెల్డింగా, ఆర్క్ వెల్డింగా? కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? 45 డిగ్రీల వాలులో బిగించిన పైపు చుట్టూ చేసే 6జీ పరీక్ష పాసయ్యారా? ఆ మూడు జవాబులే అతని హెడ్‌లైన్. ఇంకా చదువుతున్న ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో సరిపెట్టకుండా, జట్టులో తాము చేసిన భాగం ఏదో విడిగా రాయాలి.

పని చూపించమన్నాను కదా అని కంపెనీ గుట్టు బయట పెట్టకూడదు. ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబరు, కస్టమర్ పేరు, క్రొమటోగ్రామ్ (పరీక్ష ఫలితపు గ్రాఫ్) స్క్రీన్‌షాట్ ఏవీ వద్దు. మనది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. డాక్‌యార్డు, షిప్‌యార్డుల్లో కాంట్రాక్టు పనులు చేసేవారు లోపలి ఫోటోలు, నౌకల వివరాలు పెట్టడం మరీ ప్రమాదం.

ఉద్యోగం మారే ఆలోచన యాజమాన్యానికి తెలియకూడదంటే ‘ఓపెన్ టు వర్క్’ (ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే గుర్తు)ను అందరికీ కాకుండా రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. అప్పుడు ఫోటో చుట్టూ ఆకుపచ్చ అంచు రాదు. మీ సొంత కంపెనీ రిక్రూటర్లకు అది కనబడకుండా లింక్డ్‌ఇన్ ప్రయత్నిస్తుంది గానీ, పూర్తి గోప్యతకు హామీ ఇవ్వదు. పరవాడ, అచ్యుతాపురం లాంటి చోట్ల ఒకరి సంగతి ఒకరికి ఇట్టే తెలిసిపోతుంది. బయట పడినా ఫరవాలేదనుకుంటేనే ఆ బటన్ నొక్కండి.

వచ్చే పాఠం: ఎవరికి ఆహ్వానం పంపాలి, ఎవరిది ఒప్పుకోవాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన యువకులను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును విశాఖ పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. అందుకే మీకు సందేశం పంపిన రిక్రూటర్ అసలువాడో కాదో తేల్చుకునే పద్ధతికే ఆ పాఠంలో సగం కేటాయిస్తాను.

అప్పటిలోగా ఈ అభ్యాసం చేయండి. ఈ వారం రోజూ పని ముగిశాక ఆ రోజు చేసిన పనిని ఒక్క వాక్యంగా నోటు పుస్తకంలో రాయండి. క్రియలు ఉండాలి, విశేషణాలు వద్దు. ఆదివారం వాటిలోంచి మూడింటిని ఎంచి అబౌట్ మొదటి పేరా తయారుచేయండి. హెడ్‌లైన్‌ను మీ రంగంలోనే ఉండి, మిమ్మల్ని పెద్దగా ఎరుగని ఒకరికి చూపించి, మీరు ఏ పని చేస్తారో చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ రాయండి.