బ్యాటరీ ఊడదీసే స్కూటర్ కొనేముందు

షోరూంలో ముందు రేంజి (ఒక్క ఛార్జింగ్‌తో నడిచే దూరం) గురించి అడక్కండి. బ్యాటరీ బయటికి తీయించి, చేత్తో పట్టుకుని ఒక అంతస్తు మెట్లెక్కి చూడండి. 2 కిలోవాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ప్యాక్ 11, 12 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. లిఫ్టు లేని మూడో అంతస్తుకైతే రోజూ బిందెడు నీళ్లు మోసినట్టే. హీరో విడా వీ1 ప్రోలో రెండు ప్యాకులు. ఏథర్ 450లో అసలు ఊడిరాదు.

కనెక్టర్ పిన్నులు దగ్గర్నుంచి చూడండి. తీసి పెట్టగా పెట్టగా ముందు అరిగేది అవే. వదులైతే నిరోధం పెరిగి, వేడెక్కి, చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. టెస్ట్‌రైడ్ బండిలో నల్లబడి కనిపిస్తే ఆ మోడల్ వదిలేయడమే మంచిది.

ఛార్జర్ మీద ఔట్‌పుట్ అని రాసిన చోటి వోల్టులను ఆంపియర్లతో గుణించండి: 500 వాట్లొస్తే 2 కిలోవాట్ అవర్లు నిండటానికి 4 గంటల పైనే. బ్యాటరీకి ఏఐఎస్-156 (ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతా ప్రమాణం) ధ్రువీకరణ ఉందో లేదో అడగండి. బండి దిగగానే ఛార్జింగ్ పెట్టకుండా అరగంట చల్లారనివ్వండి. పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా మాత్రం పెట్టకండి.