స్పెల్ రూల్స్ మీద వాదన ఎట్టా పెట్టుకోవాల, బిల్డ్ ఎట్టా కట్టుకోవాల

డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తా కథ నడిపే ఆట, ఆడే ఏ గ్రూపులోనైనా టైం బాగా తినేది స్పెల్స్ (మంత్రాలు) మీద వాదనే. నెల్లూరులో మేం ఆడే చోటికి ఒకరు ఒంగోలు నుంచి, ఒకరు కావలి నుంచి రైలెక్కి వస్తారు, మళ్లీ సాయంత్రం బండి అందుకోవాల, అట్టాంటప్పుడు ఒక్క స్పెల్ కోసం ముప్పావుగంట కొట్టుకుంటే ఆ పూట ఆట గోవిందా. అట్టాగని వాదన వద్దని నేను చెప్పను, నాకు రూల్స్ మీద వాదించడమంటే ప్రాణం, కాకపోతే దానికో పద్ధతుండాల.

ముందు ఏ ఎడిషన్ ఆడుతుండారో తేల్చుకోండి. 2014 రూల్ పుస్తకాలదా, 2024 వాటిదా? చాలా గొడవలు ఒకడు పాతది చదివి ఇంకొకడు కొత్తది చదివి రావడం వల్లే, ఇద్దరూ కరెక్టే చెప్తుంటారు, అయినా గొంతులు పోయేదాకా అరుచుకుంటుంటారు. పుస్తకాలు రేటెక్కువ గదా అని భయపడబాకండి. పాత రూల్స్‌లో ముఖ్యమైన భాగాన్ని ఎస్ఆర్‌డీ 5.1 అనే రూల్స్ పత్రంగా 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవురైనా వాడుకోగల లైసెన్స్) కింద ఫ్రీగా వదిలేశారు, కొత్త రూల్స్‌ది 5.2 అని 2025లో వచ్చింది. ఫీట్లు (క్యారెక్టర్‌కి ఏరుకునే ప్రత్యేక నేర్పులు) చాలావరకు అందులో ఉండవు గానీ స్పెల్స్ బోలెడుంటాయి, ఫోన్‌లో దించిపెట్టుకోండి.

ఎడిషన్ మారితే ఎంత తేడా వస్తదో ఒకటి చూపిస్తా. విజర్డ్ (చదివి మంత్రాలు నేర్చిన పాత్ర) ఒకే టర్నులో, అంటే తన ఒక్క వంతులో, మిస్టీ స్టెప్ స్పెల్‌తో పక్కకి మాయమై, అక్కణ్ణుంచి ఫైర్‌బాల్ అనే నిప్పుల స్పెల్ వెయ్యాలనుకుంటాడు. మిస్టీ స్టెప్ పడేది బోనస్ యాక్షన్‌తో, అంటే టర్నులో అసలు యాక్షన్ కాకుండా దొరికే అదనపు చిన్న పనితో. 2014 రూల్ ప్రకారం బోనస్ యాక్షన్‌తో ఏ స్పెల్ వేసినా, ఆ టర్నులో ఇంకొకటి వెయ్యాలంటే ఒక యాక్షన్ పట్టే కాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేసుకోగల చిన్న స్పెల్) ఒక్కటే కుదురుద్ది. కాబట్టి కుదరదు. 2024లో రూలే మార్చేశారు, ఒక టర్నులో ఒక్క స్పెల్ స్లాట్ (పెద్ద స్పెల్స్ వెయ్యడానికి ఇన్నని లెక్కగా ఉండేది) మాత్రమే ఖర్చుపెట్టాల, రెండింటికీ స్లాట్లు పెడతానంటే ఇక్కడా కుదరదు. కానీ ఫే టచ్డ్ ఫీట్ ఉన్నోడికి రోజుకోసారి మిస్టీ స్టెప్ స్లాట్ లేకుండానే వస్తది గదా, దాన్ని వాడితే కొత్త రూల్ ప్రకారం ఫైర్‌బాల్ దర్జాగా వేసుకోవచ్చు, పాత రూల్ ప్రకారం అదీ కుదరదు. ఇట్టాంటివి నోటి లెక్కన తేలవు, లైన్ తీసి పైకి చదవాల్సిందే.

చదివేటప్పుడు కూడా మొదటి నాలుగు లైన్లు వదిలెయ్యబాకండి: ఎంతసేపు పడుద్ది, ఎంత దూరం, ఏమేం కావాల, ఎంతసేపుంటది. వాదన పెట్టుకునేవాళ్లలో చాలామంది కింద వర్ణన చదివి దానిమీద ఊహలు అల్లుకుంటారు. స్పెల్ ఏం చేస్తదని రాసుందో అదే చేస్తది.

మా డీఎం (డంజన్ మాస్టర్, కథ నడిపి తీర్పు చెప్పేవాడు) అన్న కథని కృష్ణపట్నం లాంటి ఒక రేవులో పెట్టాడు. అక్కడ చేపల వ్యాపారి మీద, చుట్టూ కూలోళ్లు తట్టలు మోస్తుండంగా, మా బార్డ్ (పాటలతో మంత్రాలేసే పాత్ర) చార్మ్ పర్సన్, అంటే ఎదుటి మనిషిని మచ్చిక చేసుకునే స్పెల్, వెయ్యబోయాడు. "అన్నా, నోట్లోనే గొణుక్కుంటాన్లే, ఎవురికీ వినపడదు." "గొణిగితే స్పెల్ పడదు రా, మాట బయటికి రావాల, చెయ్యి తిప్పాల." అన్న చెప్పిందే కరెక్టు, ఆ స్పెల్‌కి మాటా కావాల, సైగా కావాల. నేనైతే ఇంకో కారణం కూడా చెప్తా, ఇదే వాదనలో నేను ఎక్కువ నమ్మే పద్ధతి. సోర్సరర్‌కి (ఒంట్లోనే మంత్రశక్తి ఉన్న పాత్ర) సట్ల్ స్పెల్ అని ఒకటుంది, మాటా సైగా లేకుండా స్పెల్ వెయ్యడానికి వాడు పాయింట్ ఖర్చుపెట్టాల. బార్డ్‌కి అదే పని ఫ్రీగా ఇస్తే పక్కన కూర్చున్న సోర్సరర్ తమ్ముడు ఏరి తీసుకున్నది దండగైపోద్ది. కాబట్టి రూల్ రెండు రకాలుగా అర్థమయ్యేటట్టుంటే, ఎటు తిప్పితే ఎవురి ఫీచర్ విలువ పోద్దో అది చూడండి. అన్నట్టు చార్మ్ పర్సన్ అయిపోయాక నువ్వే చేశావని ఆ మనిషికి తెలిసిపోద్ది, ఇది మర్చిపోయి రేవులో తన్నులు తిన్నోళ్లు మా గ్రూపులో ఉండారు.

ఆట మధ్యలో రెండు నిమిషాలు చాలు. లైన్ చదవండి, నీ మాట చెప్పు, ఎదుటోడి మాట విను, డీఎం చెప్పేది ఆ పూటకి ఫైనల్. మిగతాది ఆటయ్యాక టీ దగ్గర. తేలింది వాట్సాప్ గ్రూపులో ఒక లైన్ రాసి పిన్ చెయ్యండి, అదే రూల్ శత్రువులకీ వర్తిస్తదని కూడా రాయండి, అప్పుడు చూడండి ఎంత జాగ్రత్తగా వాదిస్తారో.

ఇంక బిల్డ్ సంగతి, అంటే క్యారెక్టర్‌కి ఏ శక్తులు ఏరి ఎట్టా కట్టుకోవాలన్నది. ఆప్టిమైజేషన్ అంటే చెడిపోవడమన్నట్టు మాట్లాడతారు కొందరు, నాకది నచ్చదు, లెక్క వేసుకుని క్యారెక్టర్ కట్టుకోవడం కూడా ఆటలో భాగమే. కానీ లెక్క పూర్తిగా వెయ్యండి. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 14 ఉన్న విజర్డ్, అంటే డైస్ మీద పడ్డదానికి +2. దెబ్బ తగిలితే కాన్సంట్రేషన్ (నడుస్తున్న స్పెల్ ఆగిపోకుండా పట్టుకునే ధ్యాస) నిలవడానికి డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె, 10 గానీ, డ్యామేజ్‌లో సగం గానీ, ఏది ఎక్కువైతే అది. డీసీ 10కి 20 ముఖాల డైస్ మీద 8 గానీ పైన గానీ పడాల, 65 శాతం. లెవెల్ 5లో రెజిలియెంట్ ఫీట్ ఉంటే +3 తోడై 80 శాతం. అదే వార్ కాస్టర్ అనే ఫీట్ అయితే రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటాం, దాదాపు 88 శాతం. అయితే వార్ కాస్టరే మేలా? ఒక డ్రాగన్ 40 డ్యామేజ్ కొట్టిందనుకోండి, డీసీ 20 అవుద్ది, అప్పుడు వార్ కాస్టర్ 28 శాతం దగ్గర ఆగిపోద్ది, రెజిలియెంట్ 30. పైగా లెవెల్ 9లో, 13లో, 17లో రెజిలియెంట్ ఇంకా పెరుగుతా పోద్ది. చిన్న చిన్న దెబ్బలు ఎక్కువ తగిలే ఆటలో వార్ కాస్టర్, పెద్ద లెవెల్స్ దాకా పోయే ఆటలో రెజిలియెంట్ తీసుకోండి.

నెట్‌లో దొరికే బిల్డ్స్ చాలావరకు లెవెల్ 17, 20 దగ్గర మెరుస్తాయి. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్న గ్రూపుల్లో లెవెల్ 10 దాటడమే గొప్ప. కాబట్టి ఏ బిల్డ్ చూసినా లెవెల్ 5లో అది ఏం చేస్తదో అడగండి. ముందు రెండు లెవెల్స్ వార్లాక్ (ఇంకో రకం మాంత్రికుడు) తీసుకుని తర్వాత సోర్సరర్‌లోకి పోయేవాడికి ఫైర్‌బాల్ లెవెల్ 7 దాకా రాదు, పక్కనోడు లెవెల్ 5 నుంచే వేస్తుంటాడు. ఒక టర్నులో ఎంత కొట్టావని కాకుండా రోజు మొత్తం లెక్కేసుకోండి: లెవెల్ 5 విజర్డ్‌కి ఫైర్‌బాల్‌కి కావాల్సిన మూడో లెవెల్ స్లాట్లు రెండే, ఆర్కేన్ రికవరీతో (కాసేపు విశ్రాంతి తీసుకుంటే స్లాట్ తిరిగొచ్చే ఫీచర్) ఇంకొకటి, ఫైర్‌బాల్ సగటు డ్యామేజ్ 28.

రూల్ మీద ఆధారపడ్డ బిల్డ్ అయితే, ఫీట్ తీసుకునేముందే డీఎంకి ఫోన్ చేసి "అన్నా ఇది నీ టేబుల్ మీద ఎట్టా పనిచేస్తది" అని అడగండి. డీఎంగా ఉన్నోళ్లు కూడా, మీ తీర్పు వల్ల ఎవురి ఫీట్ అయినా పనికిరాకుండా పోతే, తర్వాతి ఆటకి దాన్ని ఉచితంగా మార్చుకోనివ్వండి.