ఏడో నెల దాటాక తుంటి నొప్పి: ఏది మామూలు, ఏది కాదు

కడుపుతో ఉన్నప్పుడు నడుం, తుంటి నొప్పులు మామూలేనని పెద్దవాళ్లు అనేది చాలావరకు నిజమే. కానీ నొప్పి ఎక్కడుందో, ఏం చేస్తే వస్తుందో ఒకసారి గమనించాలి.

నడుం కింద పిరుదుల పైభాగాన గానీ, ముందు పొత్తికడుపు కింది ఎముక దగ్గర గానీ నొప్పి ఉండి, మంచంలో పక్కకు తిరిగినా, ఒంటికాలిపై నిలబడి ప్యాంటు తొడుక్కున్నా కలుక్కుమంటోందా? అయితే అది ఎక్కువగా కటి (నడుం కింది ఎముకల గూడు) కీళ్ల నొప్పే. బట్టలు కూర్చుని వేసుకోండి. మోకాళ్లు రెండూ కలిపి ఉంచి ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పండి. నిద్రలో మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. తగ్గకపోతే ఫిజియోథెరపీ పనికొస్తుంది.

గజ్జలో లోతుగా మొదలై తొడ ముందుకు పాకుతూ, కాలు మోపగానే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి వేరు. దెబ్బేమీ తగలకుండానే కుంటడం మొదలైతే 'తాత్కాలిక తుంటి ఆస్టియోపొరోసిస్' ఉందేమో చూడాలి. ఇది అరుదు, ఎక్కువగా చివరి మూడు నెలల్లో వస్తుంది. తొడ ఎముక తలలో (తుంటి కీలులో కూర్చునే గుండ్రటి పైభాగం) నీరు చేరి, ఎముక పలచబడుతుంది. ప్రసవమయ్యాక కొన్ని నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. ఈలోగా బరువు మోపుతూ తిరిగితే మాత్రం తొడ ఎముక మెడ దగ్గర, అంటే ఆ తలకు కాస్త కింద, విరిగే ప్రమాదం ఉంది.

మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) లేకుండా తీసే ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. గైనకాలజిస్టుతో పాటు ఎముకల డాక్టరుకూ చూపించాలి.

అసలు వైద్యం కాలిమీద భారం తగ్గించడమే. చేతికర్ర కంటే వాకర్ నయం. చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు గీత దగ్గరికి పిడి రావాలి. ముందు వాకర్ జరపాలి, తర్వాత నొప్పి కాలు పెట్టాలి, భారం చేతులపై వేసి మంచి కాలు కలపాలి. కింద కూర్చోవడం, నేల మరుగుదొడ్డి మానేసి కమోడ్ వాడాలి. ఒక్కసారిగా అసలు నిలబడలేకపోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కాల్షియం మాత్రలు ఈ జబ్బును నయం చేయవు, అయినా మానకూడదు. ప్రభుత్వ పద్ధతి ప్రకారం 14వ వారం నుంచి ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 500 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. రెంటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఉదయం టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం భోజనం తర్వాత కాల్షియం, రాత్రి ఐరన్ అనుకుంటే తికమక ఉండదు. పాలలోనూ కాల్షియం ఉంటుంది కాబట్టి, రాత్రి పాలు తాగే అలవాటుంటే ఆ గ్లాసు సాయంత్రానికి జరపండి. స్టెరాయిడ్లు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు ఎక్కువకాలం వాడినా ఎముక పలచబడుతుంది, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పథ్యం పేరుతో బాలింతకు పాలు, పెరుగు ఆపేయడం దండగ. పాలిచ్చే కాలంలో తల్లి ఎముకలోంచి కొంత కాల్షియం పోతుంది, పాలు మాన్పించాక చాలావరకు తిరిగి చేరుతుంది. బిడ్డను ఎత్తుకోగానే వీపులో పటుక్కుమని తీవ్రమైన నొప్పి వచ్చి తగ్గకపోతే, సిజేరియన్ మత్తు సూది వల్లేనని సరిపెట్టుకోవద్దు. వెన్నుపూస నలిగి ఉండవచ్చు, స్కాన్ చేయించాలి.